విప్పేవాళ్లకు కాదు, కట్టి పంపేవాళ్లకు చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మీ టెక్నాలజీ పేజీలో పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చే శీర్షిక నేను వదలకుండా చదువుతాను. ఈమధ్య అందులో ఒకరు ‘మెయిల్‌లో జిప్ ఫైల్ వచ్చింది, ఫోన్‌లో తెరుచుకోవడం లేదు, ఏం చెయ్యాలి?’ అని అడిగారు. జిప్ అంటే ఫైళ్లను కుదించి ఒకే మూటగా కట్టినది. ప్లేస్టోర్‌లో ఎక్స్‌ట్రాక్టర్ (అంటే ఆ మూట విప్పేది) అని వెతికి ఏదో ఒక యాప్ దింపుకోమని జవాబిచ్చారు. అంతకుముందు ఇంకొకరు రార్ ఫైల్ (అలాంటిదే ఇంకో రకం మూట) గురించి అడిగినప్పుడూ అదే మాట. ఆ జవాబు నాకు మింగుడుపడలేదు, అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది. కత్తెర వెయ్యక తప్పకపోతే నమస్కారాల దగ్గర వెయ్యండి.

నా పని తెలుగు పుస్తకాలకు డీటీపీ చెయ్యడం. రాతప్రతి టైపు చేసి, ఫొటోలు సర్ది, పేజీలు పెట్టి, ప్రూఫులు పంపి, కరెక్షన్లు వేస్తాను. రచయితలు పంపేది ఒక్క ఫైలుతో అయిపోదు. ముందుమాట విడిగా వస్తుంది, ఫొటోలు ఒక ఫోల్డర్, కవర్ బొమ్మ ఇంకొకటి, వాళ్లు టైపు చేసుకున్న ఫాంటు మరొకటి. అన్నీ కలిపి ఒక జిప్‌గా పంపిస్తారు. అవి విప్పుకోవడం, నేను పంపినవి విప్పలేక ఫోన్ చేసినవాళ్లకు దారి చెప్పడం నాకు రోజూ ఉండే పనే. అందుకని గట్టిగా చెప్పగలను: మామూలు జిప్ తెరవడానికి చాలామందికి కొత్త యాప్ అక్కర్లేదు.

విండోస్‌లో 2001 నాటి ఎక్స్‌పీ నుంచే ఆ సదుపాయం ఉంది. ఫైల్ మీద రైట్ క్లిక్ చేస్తే ‘ఎక్స్‌ట్రాక్ట్ ఆల్’ కనిపిస్తుంది. మ్యాక్‌లో డబుల్ క్లిక్ చేస్తే పక్కనే ఫోల్డర్ తయారవుతుంది. ఐఫోన్‌లో 2019లో వచ్చిన ఐఓఎస్ 13 నుంచి ఫైల్స్ యాప్‌లో జిప్ మీద తాకితే చాలు. ఆండ్రాయిడ్‌లో గూగుల్ వారి ఫైల్స్ యాప్ చాలా ఫోన్లలో ముందే ఉంటుంది. జిప్‌ను తాకితే లోపల ఏమేమున్నాయో చూపించి, ఎక్స్‌ట్రాక్ట్ బటన్ ఇచ్చి, జిప్ ఉన్న చోటే విప్పి పెడుతుంది. సామ్‌సంగ్ ఫోన్లలో మై ఫైల్స్ కూడా ఈ పని చేస్తుంది.

మరి మీ పాఠకుడికి ఎందుకు తెరుచుకోలేదు? నా దగ్గరికి వచ్చే ఫోన్లలో ఎక్కువసార్లు కనబడే కారణం ఒకటే. మెయిల్లోనో వాట్సాప్‌లోనో ఉన్నది ఉన్నచోటే నొక్కేస్తారు. అప్పుడు ఫోన్ దేనితో తెరవాలని అడుగుతుంది, లేదా తెరిచే యాప్ లేదని చెప్పి ఊరుకుంటుంది. ముందు దాన్ని డౌన్‌లోడ్ చేసుకుని, బయటికొచ్చి, ఫైల్స్ యాప్ తెరిచి, డౌన్‌లోడ్స్‌లో దాన్ని వెతికి పట్టుకోవాలి. ఈ ఒక్క వాక్యం మీ జవాబులో ఉంటే ఆయన టెన్షన్ అక్కడితో తీరిపోయేది.

యాప్ ఒకటి ఎక్కువైతే ఏం పోయిందని మీకు అనిపించవచ్చు. నేను పుస్తకం చేస్తున్న ఒక రచయిత్రి ఫోన్‌లో అలాంటి ఎక్స్‌ట్రాక్టర్ యాప్ చూశాను. జిప్ నొక్కగానే తెరంతా ప్రకటన, దాన్ని మూసే గుర్తు మూలన కనీ కనిపించకుండా. ప్రకటన మధ్యలో ‘ఓపెన్’ అని పెద్ద ఆకుపచ్చ బటన్. జిప్ తెరుచుకుంటుందనుకుని అది నొక్కితే వేరే ఏదో యాప్ పేజీకి తీసుకెళ్లింది. అసలు బటన్ అడుగున బూడిద రంగులో ఉంది. పైగా కాంటాక్టులు చూడనివ్వమంది, లొకేషన్ ఇమ్మంది. ఒక ఫైల్ విప్పడానికి లొకేషన్ ఎందుకండీ? పని కావాలి కాబట్టి ఆవిడ అడిగినవాటికల్లా ‘అలో’ కొట్టేశారు. ఇంకొందరైతే ఏదో వెబ్‌సైట్‌లోకి ఎక్కించి, అక్కడ విప్పించుకుని దింపుకుంటారు. ఆ జిప్‌లో గుర్తింపు కార్డు కాపీలూ బ్యాంకు స్టేట్‌మెంట్లూ ఉంటే అవి ముక్కూమొహం తెలియని సర్వర్‌లోకి వెళ్లినట్టే.

రార్ సంగతి కొంచెం వేరు, ఒప్పుకుంటాను. 1989లో ఫిల్ కాట్జ్ జిప్ తయారుచేసినప్పుడు దాని నిర్మాణం ఎలా ఉంటుందో అందరికీ తెలిసేలా ప్రకటించాడు. అందుకే ఎవరు పడితే వాళ్లు జిప్ కట్టే, విప్పే సాఫ్ట్‌వేర్ రాసుకోగలిగారు, అది అన్ని కంప్యూటర్లలోకీ ఫోన్లలోకీ వచ్చేసింది. 1993లో యూజీన్ రోషల్ తెచ్చిన రార్ అలా కాదు. విప్పే కోడ్ బయటికిచ్చారు, కట్టే పద్ధతి మాత్రం తమ దగ్గరే పెట్టుకున్నారు. విండోస్ 11లో 2023 నుంచి రార్, 7జెడ్ అనే మరో రకం మూట కూడా నేరుగా తెరుచుకుంటున్నాయి. పాత విండోస్ ఉన్నవాళ్లకు మాత్రం ఇంకో సాఫ్ట్‌వేర్ కావాలి. నన్నడిగితే సెవెన్‌జిప్ పెట్టుకోమంటాను. ఈగర్ పావ్లోవ్ 1999లో మొదలుపెట్టింది, ప్రకటనలుండవు, జిప్, రార్, 7జెడ్ మూడూ విప్పుతుంది.

రార్ కట్టి విప్పే విన్‌రార్ సాఫ్ట్‌వేర్ ఎప్పుడో పెట్టుకుని మరిచిపోయినవాళ్లు కూడా చాలామందే ఉంటారు. అది తనంతట తాను అప్‌డేట్ కాదు. 2023లో అందులో ఒక లోపం బయటపడింది. జిప్‌లో కనిపించే మామూలు ఫొటో మీద నొక్కితే, అదే పేరుతో పక్కన దాచిన ఫోల్డర్‌లోని ప్రోగ్రామ్ నడిచేది. దొంగలు దాన్ని వాడుకున్నారు కూడా. ఆ ఏడాది ఆగస్టులో వచ్చిన 6.23 వెర్షన్‌లో సరిచేశారు. ఏళ్ల కిందటి కాపీ ఇంకా వాడుతున్నవాళ్ల దగ్గర ఆ లోపం అలాగే ఉంది. ‘ఏదో ఒకటి దింపుకోండి’ అని చెప్పేటప్పుడు ఇదీ చెప్పాలి కదా.

ఇంతకీ నా అసలు ఫిర్యాదు మీ శీర్షిక మీద కాదు, ఇలాంటి ఫైళ్లు పంపేవాళ్ల మీద. ఈమధ్య ఒక సంస్థ దరఖాస్తు ఫారం పంపింది. ఒకే ఒక్క వర్డ్ ఫైలు, రెండు పేజీలు. దాన్ని రార్ చేశారు. ఎందుకో ఎంత ఆలోచించినా తట్టలేదు. అది అందుకున్న ప్రతివాళ్లూ ఎలా తెరవాలా అని తల పట్టుకుంటారు, తెరవలేనివాళ్లు తమకే చేతకాలేదనుకుంటారు. ఫోన్ చేసి ‘మాకు కంప్యూటర్ అంతగా రాదండీ’ అని సంజాయిషీ చెప్పుకుంటారు. వాళ్లకు రాకపోవడం కాదు, అవతలివాళ్లు ఆలోచించకపోవడం. మూట కట్టినవాడు ముడి ఎదుటివాడు విప్పగలిగేలా వెయ్యాలి.

పంపేవాళ్లు అడక్కుండానే చెప్పాల్సిన మాట ఇంకోటుంది: ‘ముందు మొత్తం విప్పుకోండి, తర్వాతే లోపలి ఫైలు తెరవండి’. విండోస్ జిప్‌ను మామూలు ఫోల్డర్‌లాగే తెరిచి చూపిస్తుంది. పసుపు ఫోల్డర్ బొమ్మ మీద చిన్న జిప్పు తప్ప తేడా ఏమీ కనబడదు. నేను ప్రూఫు పంపిన ఒక మాస్టారు జిప్‌లో ఉండగానే వర్డ్ ఫైలు తెరిచి, ఓపిగ్గా దిద్ది, సేవ్ చేసి, ఆ జిప్పే నాకు తిరిగి పంపారు. తర్వాతి ప్రూఫు చూసుకుని ఫోన్ చేశారు.

‘ఏమ్మా, నేను దిద్దినవి ఒక్కటీ వెయ్యలేదేం?’

‘మీరు పంపినదాంట్లో దిద్దుబాట్లే లేవు మాస్టారూ.’

ఆయన నమ్మలేదు. నమ్మరు కూడా, కళ్లు కాయలు కాచేలా కూర్చుని దిద్దిన మనిషి. వర్డ్‌లో ఇటీవల తెరిచిన ఫైళ్ల జాబితా తీయించి, ఆ ఫైలు పేరు కింద ఉన్న దారి చదివించాను. చదువుతూ చదువుతూ మధ్యలో ‘టెంప్’ అన్నారు. జరిగింది అదే. జిప్‌లోంచి నేరుగా తెరిస్తే విండోస్ ఒక నకలు తీసి తాత్కాలిక ఫోల్డర్‌లో పెట్టి, దాన్ని తెరుస్తుంది. పైన ‘రీడ్ ఓన్లీ’ అని చిన్నగా రాసి ఉంటుంది. సేవ్ నొక్కితే వేరేగా సేవ్ చేసుకోమంటుంది, అలవాటుగా ఓకే కొడతాం, అది ఆ టెంప్‌లోనే పడుతుంది. జిప్‌లోని ఫైలు మాత్రం పంపినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటుంది. మాస్టారి అదృష్టం, టెంప్ ఫోల్డర్‌ను ఇంకా ఎవరూ ఖాళీ చెయ్యలేదు, కరెక్షన్లు దొరికాయి.

అసలు జిప్ చేస్తే ఏదైనా చిన్నదైపోతుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. కుదింపు జరిగే తీరు తెలిస్తే ఆ భ్రమ పోతుంది. ఫైలులో మళ్లీ మళ్లీ వచ్చే భాగాన్ని ఒక్కసారే రాసి, తర్వాత వచ్చిన ప్రతిచోటా ‘ఇంత దూరం వెనక్కి వెళ్లి ఇంత తెచ్చుకో’ అని గుర్తు పెడతారు. లెంపెల్, జివ్ అనే ఇద్దరు 1977లో ఈ పద్ధతి చెప్పారు. దాని మీద, ఎక్కువసార్లు వచ్చేవాటికి పొట్టి గుర్తులు, అరుదుగా వచ్చేవాటికి పొడుగు గుర్తులు ఇస్తారు. ఇది 1952లో హఫ్‌మన్ చెప్పినది. జిప్‌లో సాధారణంగా ఈ రెండూ కలిసి పనిచేస్తాయి. ఇది మన తెలుగుకు బాగా కలిసొస్తుంది. కంప్యూటర్ అక్షరాల్ని దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు యూనికోడ్‌లోని ఒక్కో అక్షరానికి, ఒక్కో గుణింతపు గుర్తుకు 3 బైట్లు కావాలి. ఆ మూడింటిలో మొదటిది ఎప్పుడూ ఒకటే, రెండోదానికి ఉన్నవి రెండే అవకాశాలు. అంత పునరుక్తి ఉంటే కుదించడం తేలికే. నవల టెక్స్ట్ ఫైల్‌ను జిప్ చేస్తే ఇట్టే తగ్గిపోతుంది. జేపీజీ ఫొటోలు, ఎంపీ4 వీడియోలు అప్పటికే కుదించినవి కాబట్టి వాటిని జిప్ చేసినా రార్ చేసినా తగ్గేది దాదాపు ఏమీ ఉండదు.

అలాగని ఫొటోల్ని జిప్ చెయ్యొద్దనను, నాకైతే అలా పంపితేనే ఇష్టం. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది దాన్ని కుదించి నాణ్యత తగ్గిస్తుంది, అచ్చులో మొహాలు పాలిపోయి మసకగా వస్తాయి. జిప్ చేసి డాక్యుమెంట్‌గా పంపితే ఒక్క పిక్సెల్ కూడా మారదు. కొందరు ఫొటోల్ని వర్డ్ ఫైల్‌లో అతికించి పంపుతారు. అసలు ఫొటో ఏదని అడిగితే ఫోన్ మార్చేశామంటారు. అప్పుడు నేను చేసే పని ఒకటుంది, డీటీపీ వాళ్లలో కూడా కొందరికి తెలియదు. ఆఫీస్ 2007 నుంచి వస్తున్న డాక్స్ ఫైలు, అంటే మామూలు వర్డ్ ఫైలు, నిజానికి ఒక జిప్పే. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అడ్డదిడ్డమైన గుర్తుల ముందు ‘పీకే’ అని కనిపిస్తుంది, ఫిల్ కాట్జ్ పొడి అక్షరాలు. డాక్స్‌కు ఒక కాపీ తీసి, దాని పేరు చివర డాక్స్ తీసేసి జిప్ అని మార్చి విప్పితే, లోపల వర్డ్ అనే ఫోల్డర్, అందులో మీడియా అనే ఫోల్డర్, అందులో ఫొటోలన్నీ విడివిడిగా వరసగా ఉంటాయి. సేవ్ చేసేటప్పుడు వర్డ్ తానే వాటిని తగ్గించి ఉండకపోతే, అతికించినప్పటి సైజులోనే దొరుకుతాయి.

తెలుగు పేర్ల గోల వేరే. ఫైలుకు తెలుగులో పేరు పెట్టి జిప్ చేస్తే, విప్పినప్పుడు పిచ్చి గీతలు వచ్చాయని మొత్తుకుంటారు. ‘కథ’ అని పేరు పెట్టిన ఫైలు ఎలా వచ్చిందో చూడండి: గ్రీకు ఆల్ఫా, చుక్కలతో నింపిన చిన్న పెట్టె, నెత్తిన గీత ఉన్న ఓ; మళ్లీ ఆల్ఫా, మళ్లీ అదే పెట్టె, నెత్తిన అల ఉన్న ఎన్. రెండక్షరాలకు ఆరు గుర్తులు. కారణం పైన చెప్పిన 3 బైట్లే. జిప్ పుట్టినప్పుడు ఫైళ్ల పేర్లకు పాత ఐబీఎం కంప్యూటర్ల అక్షరాల పట్టిక వాడారు, అందులో తెలుగు లేదు. పేరు యూటీఎఫ్-8లో ఉందని చెప్పే గుర్తును 2006లో చేర్చారు. కట్టిన సాఫ్ట్‌వేర్ ఆ గుర్తు పెట్టకపోతే, విప్పేది ఒక్కో బైటునూ పాత పట్టికలో వెతికి ఆల్ఫాలు, పెట్టెలు చూపిస్తుంది. ప్రతి అక్షరం మొదటి బైటూ ఒకటే కాబట్టి ఆల్ఫా వదలకుండా వస్తుంటుంది. వైరస్ ఏమోనని భయపడి ఫైలు తీసేసినవాళ్లున్నారు. లోపలి విషయానికి ఏమీ కాదు. పేరు మార్చుకుని తెరిస్తే కథ కథలాగే ఉంటుంది. తెలుగులో పేర్లు పెట్టడం మానెయ్యమని నేను ఎవరికీ చెప్పను. పంపేముందు ఒకసారి వేరే కంప్యూటర్‌లో విప్పి చూసుకోమంటాను, అంతే.

‘ఫైల్ పాడైంది’ అని వస్తే వెంటనే పంపినవాళ్లను తిట్టుకోవద్దు. జిప్‌లో ఏమేం ఉన్నాయో చెప్పే జాబితా ఫైలు చివర ఉంటుంది. డౌన్‌లోడ్ మధ్యలో ఆగిపోతే ఆ చివరి భాగం రాదు, మిగతా అంతా బాగున్నా తెరుచుకోదు. సైజు సరిపోయిందో లేదో చూసి మళ్లీ దింపుకుంటే చాలాసార్లు సరిపోతుంది. ఫోన్‌లో ఖాళీ కూడా చూసుకోవాలి. విప్పేటప్పుడు జిప్‌కూ విప్పినవాటికీ రెండింటికీ చోటు కావాలి మరి.

ఇక పాస్‌వర్డులు. భద్రత కోసమని పాస్‌వర్డ్ పెట్టి, అదే మెయిల్ అడుగున ‘పాస్‌వర్డ్ ఇదీ’ అని రాస్తారు. తాళంచెవి తలుపుకే వేలాడదీశాక తాళమెందుకో! పైగా జిప్‌కు పాస్‌వర్డ్ ఉన్నా లోపలి ఫైళ్ల పేర్లు మామూలుగా అందరికీ కనిపిస్తాయి. ఫైలు పేరులోనే ఫలానావారి వైద్య పరీక్ష ఫలితం అని రాసి పంపితే ఇక దాచిందేమిటి? జిప్‌లోని పాత తరహా పాస్‌వర్డ్ బలహీనమైనదని 1994లోనే బిహామ్, కోచర్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు. ఏఈఎస్ అనే కొత్త తరహా తాళం గట్టిది, కానీ ఏఈఎస్‌తో కట్టినదాన్ని చాలా విండోస్ కంప్యూటర్లలో ముందే ఉండే సదుపాయం విప్పలేకపోతుంది, పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా ఎర్రర్ చూపిస్తుంది. అందుకున్నవాళ్లు పాస్‌వర్డే తప్పేమోనని కొట్టిందే కొడుతూ కూర్చుంటారు. సెవెన్‌జిప్‌తో విప్పండని పంపినవాళ్లు ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. పాస్‌వర్డ్ ఫోన్‌లో చెబితే ఇంకా మంచిది.

ఊహించని జిప్ వస్తే మాత్రం విప్పకముందే పంపినవాళ్లను అడగాలి. విప్పాక కూడా లోపలున్నది ఏ రకం ఫైలో చూడాలి. విండోస్ తనకు తెలిసిన ఫైళ్ల పేర్ల చివరి భాగాన్ని మామూలుగా దాచేస్తుంది కాబట్టి ‘రసీదు డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్‌ఈ’ అన్నది ‘రసీదు డాట్ పీడీఎఫ్’ లాగే కనిపిస్తుంది. ఈఎక్స్‌ఈ అంటే నొక్కగానే నడిచే ప్రోగ్రామ్. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ కింద ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ టిక్కు పెట్టుకుంటే ఆ ముసుగు తొలగిపోతుంది. ఫొటోలని చెప్పి పంపిన జిప్‌లో ఏపీకే, అంటే ఆండ్రాయిడ్ యాప్ ఫైలు, ఉంటే దాని జోలికే పోవద్దు.

కాబట్టి సంపాదకులుగారూ, ఈసారి ఆ ప్రశ్న వస్తే ఫోన్‌లో ముందే ఉన్న దారి చెప్పించండి. వీలైతే ఒక వారం ఆ శీర్షికను పంపేవాళ్ల కోసం కేటాయించండి. ఒక్క ఫైలే అయితే ఊరికే పంపమనండి, కట్టక తప్పకపోతే జిప్‌గానే కట్టమనండి.

పనిలో పని, మీ పత్రిక వెబ్‌సైట్‌లో ప్రత్యేక సంచికను జిప్ చేసి పెట్టారు. దింపి విప్పితే అందులో ఉన్నది ఒకే ఒక్క పీడీఎఫ్. రెండింటి సైజూ పోల్చి చూశాను, చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. ఆ పీడీఎఫ్‌నే నేరుగా పెట్టించగలరు.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్